ధృతరాష్ట్రుని దైవవాదము: మనశ్శాస్త్రపరీక్ష

పాత్రవిమర్శనమున మనశ్శాస్త్రపదములను వాడుట మన విమర్శకులకు నేఁడు పరిపాటియైనది. ఒక పాత్ర కోపించినచో విస్థాపనమందురు, ఊరకున్నచో దమనమందురు, తన పనిని సమర్థించుకొన్నచో హేతుకరణమందురు. ఉపాధ్యాయశిక్షణమునకై యీ పదములను గంఠస్థము చేసినవారు కావ్యపాఠమునకుఁ గూర్చున్నప్పుడు వానినే ప్రయోగించుచున్నారు. పదము క్రొత్తదగుటచే విషయము తేటపడినట్లు తోఁచును. కాని పేరు పెట్టుట వేఱు, కారణము చెప్పుట వేఱు. దేహము కాఁగుచున్నవానిఁ జూచి జ్వరమన్నంతమాత్రమున వైద్యము జరిగినట్లు కాదు గదా!

ఈ వ్యాసమున విచారింపఁదలఁచినది రెండు భావముల సంబంధము. ఒకటి అభ్యస్తప్రవర్తన, అనఁగా అనుభవముచే నేర్చుకొనఁబడిన నడవడి. రెండవది రక్షకతంత్రము, అనఁగా సహింపరాని యెఱుకనుండి మనస్సు తన్నుఁ గాపాడుకొను నుపాయము. ఈ రెండును భిన్నసంప్రదాయములలోఁ బుట్టినవగుటచే పాఠ్యగ్రంథములలో వేర్వేఱు ప్రకరణములలోఁ జెప్పఁబడును. అందుచే వీనికిఁ బరస్పరసంబంధము లేదని చదువరులకుఁ దోఁచుట సహజము. రక్షకతంత్రము కూడఁ బెక్కుచోట్ల నేర్చుకొనఁబడిన నడవడియే యనియు, తాత్కాలికముగా బాధ తొలఁగుటయే దానికి ఫలమనియు నా యభిప్రాయము. దీనిని మహాభారతమందలి ధృతరాష్ట్రుని దైవవాదమున నిరూపింపఁ బ్రయత్నింతును. కవిత్రయమువారు కథను దమ ప్రయోజనమున కనుగుణముగా సంగ్రహించుటయుఁ బెంచుటయుఁ గలదు గనుక, పాత్రవాక్యముల క్రమము ముఖ్యమైన యీ విచారణమున వ్యాసమూలమునే యాధారముగా గ్రహించితిని.

మొదట అభ్యస్తప్రవర్తనను గుఱించి కొంత చెప్పవలెను. అమెరికాదేశపు థార్న్‌డైక్ 1898వ సంవత్సరమునఁ బ్రకటించిన గ్రంథమున పిల్లులపైఁ జేసిన పరీక్షలను వర్ణించెను. ఆఁకలిగొన్న పిల్లిని బోనులో నుంచి వెలుపల నాహారము పెట్టుదురు. పిల్లి గీరును, కఱచును, ఇటునటు పెనఁగును. ఆ చేష్టలలో నొకటి యాదృచ్ఛికముగా బోను గడియను దీయును. మరల మరల నట్లే చేయఁగా నిష్ఫలచేష్టలు క్రమముగాఁ దగ్గి, గడియ తీయు చేష్టయే త్వరగా జరుగును. తృప్తినిచ్చిన చేష్ట స్థిరపడునను ఫలనియమము దీనినుండి పుట్టినది. జీర్ణక్రియాపరిశోధనమునకు 1904వ సంవత్సరమున నోబెల్ బహుమానము నందిన రష్యాదేశపు పావ్‌లోవ్, ఆహారము నోటఁ బడకమునుపే దాని రాకను దెలుపు సూచనమునకు కుక్కనోట లాలాజలము స్రవించుటను బరీక్షించి నిబంధనసిద్ధాంతమును నెలకొల్పెను. సూచన మున్నను ఆహారము రాకుండుట పలుమాఱులు జరిగినచో ఆ స్రావము క్రమముగాఁ దగ్గిపోవును. దీనిని విరమణమందురు.

పిదప స్కిన్నర్ చేసిన పరిశోధనములలో మన ప్రస్తుతవిచారణకు మిక్కిలి యుపకరించునవి రెండు గలవు. మొదటిది: ఫలమనఁగా సుఖము లభించుట యొక్కటియే యనుకొనరాదు. ఉన్న బాధ తొలఁగుటయు ఫలమే. తలనొప్పి తగ్గించిన మందును మనము మరల వెదకుదుము గదా. బాధనివారణముచే నొక చేష్ట బలపడుటకు ఋణపునర్బలనమని పేరు. ఇది దండనము గాదు. పాఠశాలలలో నీ రెంటిని గలుపుట తఱచుగాఁ గానవచ్చుచున్నది గనుక నీ మాట చెప్పవలసివచ్చినది. రెండవది: ప్రతిపర్యాయమును ఫలమందిన చేష్టకంటె, అప్పుడప్పుడు మాత్రమే ఫలమందిన చేష్ట, ఫలము పూర్తిగా నిలిచిపోయినపిదప నెక్కువకాలము సాగును. ఈ విషయము 1957వ సంవత్సరమున ఫెర్‌స్టర్‌తోఁ గూడి స్కిన్నర్ ప్రకటించిన బృహద్గ్రంథమున విస్తరముగా నిరూపింపఁబడినది.

మన పూర్వులును అభ్యాసము, సంస్కారము, వాసన యను పదములతో నిట్టి విషయమును జర్చించిరి. యోగశాస్త్రమున చిత్తవృత్తినిరోధమునకు అభ్యాసవైరాగ్యములు సాధనములుగాఁ జెప్పఁబడినవి. అయినను వాసన యన్నచోఁ బూర్వజన్మానుభవము కూడ నందుఁ జేరును. పరీక్షాశాలలోని అభ్యస్తప్రవర్తన యీ జన్మమునఁ గంటఁబడు నడవడికే పరిమితమైనది. ఈ రెంటి నేకము చేసి, యంతయు మన గ్రంథములలోనే కలదని తృప్తిపడుట శాస్త్రమర్యాద గాదు.

ఇఁక రక్షకతంత్రము. ఫ్రాయిడ్ 1894వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసమున, సహింపరాని భావమును చిత్తము తననుండి త్రోసివేయుటను రక్షణమని పేర్కొనెను. ఆయన కుమార్తె యగు అన్నా ఫ్రాయిడ్ 1936వ సంవత్సరమున రక్షకతంత్రములపై ప్రత్యేకగ్రంథము రచించి వానిని వర్గీకరించెను. హేతుకరణమను పదమును 1908వ సంవత్సరమున వ్యాప్తిలోనికిఁ దెచ్చినవాఁడు ఎర్నెస్ట్ జోన్స్. తాను చేసిన పనికిఁ గల నిజమైన ప్రేరణము మఱుఁగుపడఁగా, దానికి యుక్తియుక్తముగాఁ గనఁబడు వేఱొక కారణమును జూపుట హేతుకరణము. అబద్ధమునకును దీనికిని భేదము గలదు. అబద్ధమాడువాఁడు ఎదుటివానిని మోసగించును. హేతుకరణము చేయువాఁడు ముందుగాఁ దన్నుఁ దాను మోసగించుకొనును. అట్లే దమనమునకును నిగ్రహమునకును భేదము గలదు. ఎఱిఁగియు నొక తలఁపును బయలుపెట్టకుండుట నిగ్రహము. ఆ తలఁపు తనకే తెలియకుండునట్లు చిత్తము దానిని మఱుఁగుపఱచుట దమనము. ఈ భేదములను మఱచినచో విమర్శనము పేర్ల పట్టికగా మాఱును.

ఈ రెండు సంప్రదాయములకును వారధి కట్టినవారు డాలర్డ్, మిల్లర్ అను పండితులు. 1950వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడిన వారి గ్రంథమున దమనము కూడ నేర్చుకొనఁబడిన చేష్టయేయని ప్రతిపాదింపఁబడినది. భయము గొల్పు తలఁపు మొదలిడినతోడనే దానినుండి మనస్సును మరల్చినచో భయము తగ్గును. భయము తగ్గుటయే ఫలమగుటచే ఆ మరల్చుట బలపడును. అంతకు మూఁడేండ్లకు ముందు, 1947వ సంవత్సరమున, మౌరర్ పరిహరణమును గుఱించి యిట్టి సూత్రమునే చెప్పియుండెను: భయము నిబంధనముచే నేర్వఁబడును, భయకారణమునుండి తొలఁగుట ఋణపునర్బలనముచే నిలుచును. ఇందొక చిక్కు గలదు. భయపడినదానినుండి యెప్పుడును దొలఁగువాఁడు, ఆ భయము నిజముగా నవసరమో కాదో పరీక్షించుకొనఁజాలఁడు. అందుచే నిట్టి నడవడికి విరమణము మిక్కిలి కష్టము. రక్షకతంత్రములు ప్రాణాంతమువఱకు నేల నిలుచుచున్నవను ప్రశ్నకు నిందొక సమాధానము దొరకుచున్నది.

ఇప్పుడు ధృతరాష్ట్రునికడకు రావచ్చును. ఆతని బాధ యేది? అంధత్వమని యెల్లరు నందురు. కాని కథలో నాతఁడు మాటిమాటికిఁ దలఁచునది కంటిలోపముచేఁ గలిగిన రాజ్యనష్టము. జ్యేష్ఠుఁడై యుండియు అంగహీనుఁడను కారణముచే రాజ్యమునకుఁ దప్పింపఁబడితినని ఉద్యోగపర్వమున సభలో దుర్యోధనునకు స్వయముగాఁ జెప్పినాఁడు. సంధి నంగీకరింపుమని కుమారునకు బోధించుటకే యా మాట చెప్పెననుట నిజమే. అయినను తన కొడుకునకు రాజ్యాధికారము లేదనుటకుఁ దన నష్టమునే ప్రమాణముగాఁ జూపవలసివచ్చుట గమనింపఁదగినది. తాను పోఁగొట్టుకొన్నది కొడుకు పొందవలెనను కోరిక యాతనికి సహజము. ఆ కోరిక అధర్మమని యెఱుఁగుటయు నట్లే సహజము. ఈ రెంటి సంఘర్షణమే యాతని చరిత్రము.

ఆ కోరికను ధృతరాష్ట్రుఁడు తనకుఁ దెలియకుండ దాఁచుకొన్నాఁడా? లేదు. ఆదిపర్వమున పాండవులను వారణావతమునకుఁ బంపవలెనని దుర్యోధనుఁడు కోరినప్పుడు, ఆ తలఁపు తన హృదయమునను మెదలుచున్నదనియు, పాపమైనదగుటచే బయలుపెట్టకున్నాననియు నాతఁడు చెప్పెను. ఇంత స్పష్టముగా నిగ్రహమును నిరూపించు వాక్యము దొరకుట యరుదు. ధృతరాష్ట్రునియందు దమనమును జూపఁదలఁచు విమర్శకు లీ స్థలమును దాఁటిపోరాదు. తన కోరిక యాతనికిఁ దెలియును. అది పాపమనియుఁ దెలియును. మఱి యాతని చిత్తము తననుండి దాఁచుకొన్న దేది? ఆ కోరికను నెఱవేర్చిన కర్త తానేయను నెఱుక. దైవవాదము కప్పునది యీ కర్తృత్వమునే యని నా విశ్వాసము.

ఈ కప్పుట యెట్లు నేర్వఁబడినదో సభాపర్వమునఁ జూడనగును. రాజసూయమునఁ బాండవుల సంపదఁ జూచి కృశించిన దుర్యోధనుఁడు జూదమునకుఁ దండ్రి యనుమతి నడిగెను. విదురునితో నాలోచింతునని ధృతరాష్ట్రుఁడు మొదట జాఱుకొనఁజూచెను. విదురుఁడు వచ్చిన నిన్ను మరల్చును, నీవు మరలిన నేను చచ్చెదను, పిమ్మట నీవును విదురుఁడును సుఖముగా నుండుఁడని కొడుకు బెదరించెను. ఆ మాటతోఁ దండ్రి కరఁగి సభానిర్మాణమున కాజ్ఞ యిచ్చెను. ఇచ్చట నిద్దఱును నేర్చినవారే. పట్టుపట్టి చావు మాట యెత్తినచో పని సాగునని కొడుకు నేర్చెను. లొంగినచోఁ గొడుకు దుఃఖము చూడవలసిన బాధ తొలఁగునని తండ్రి నేర్చెను. ఒకనికి కోరిన వస్తువు ఫలము. మఱియొకనికి బాధానివృత్తి ఫలము. గెరల్డ్ పాటర్‌సన్ 1982వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున కుటుంబములలో బిడ్డల మొండితనమును తలిదండ్రుల లొంగుబాటును ఒండొంటినిఁ బెంచుకొను క్రమమును వర్ణించెను. హస్తినాపురమునఁ గనఁబడుచున్నదియు నా క్రమమే. ధృతరాష్ట్రుఁడు ప్రతిసారియు వెంటనే లొంగియుండినచో నింత చెఱుపు కాకపోవునేమో! ఆతఁడు మొదట కాదనును, విదురుని దలఁచును, ధర్మము చెప్పును, కడపట లొంగును. పట్టు విడువనివానికే ఫలము దొరకుచుండుటచే దుర్యోధనుని పట్టుదల వజ్రమైనది.

తొలి దైవవాక్య మీ సందర్భముననే వచ్చుట పరిశీలింపఁదగినది. ధర్మరాజును బిలుచుకొని రమ్మని ధృతరాష్ట్రుఁడు విదురున కాజ్ఞాపించెను. విదురుఁడు కలహము పుట్టునని వారించెను. దైవము ప్రతికూలముగా లేకున్నచోఁ గలహము తన్ను బాధింపదనియు, జగమంతయు విధాత యాజ్ఞకు లోఁబడి చేష్టించును గాని స్వతంత్రము గాదనియు రాజు బదులు పలికి, పొమ్మని మరల నాజ్ఞాపించెను. జగము స్వతంత్రము గాదన్న నోటనే యాజ్ఞ వెలువడుచున్నది! ఆ యాజ్ఞ లేక విదురుఁడు కదలఁడు, ధర్మరాజు రాఁడు, జూదము జరుగదు. జూదము జరుగుచుండఁగా, ద్రౌపది పణమై నిలిచిన యా దారుణసమయమున, గెలువఁబడినదా గెలువఁబడినదా యని సంతోషముతో మాటిమాటికి నడుగుచు ఆతఁడు తన భావమును దాఁచుకొనలేకపోయెను. దైవమునకే యంతయు విడిచినవాని కీ యాతురత యేల?

అపశకునములు వినఁబడి, విదురుఁడును గాంధారియు హెచ్చరింపఁగా భయపడి, ధృతరాష్ట్రుఁడు ద్రౌపదికి వరము లిచ్చి, పాండవుల సర్వస్వమును వారికి మరల నిప్పించి పంపివేసెను. విమర్శకుల కిది మిక్కిలి ముఖ్యమైన స్థలము. తనకు శక్తి లేదని పిదప నెన్నిమాఱులో చెప్పినవాఁడు, ఇచ్చట నొక్కమాటతో జూదఫలము నంతయు రద్దుపఱచెను. శక్తి గలదనుటకుఁ దన చేఁతయే సాక్ష్యము. తరువాత మఱల జూద మాడింపవలెనని కుమారుఁడు కోరినప్పుడు గాంధారి కులక్షయము కానున్నదని వారించెను. కులమునకు అంతము వచ్చునేని వచ్చుఁగాక, వారింపఁజాలను, వారు కోరినట్లే జరుగుఁగాక యని యాతఁడు బదులు చెప్పెను. శక్తి యున్నదని నిరూపించుకొన్న కొలఁదికాలమునకే చాలనను మాట వచ్చినది. అరణ్యపర్వమున దుర్యోధనుని విడువుమన్న విదురునిఁ గోపించి, యిష్టమైనచోటికిఁ బొమ్మనెను. పిమ్మట పశ్చాత్తాపముతో మరల రప్పించుకొనెను. బాధ గలిగించు నెఱుకను దెచ్చువానిని దూరముగాఁ బంపుట పరిహరణమే.

ఈ విచారణమునకు హృదయము వంటి స్థలము ఉద్యోగపర్వమున నున్నది. సంజయుఁడు పాండవుల యొద్దనుండి వచ్చి, రాజును నిందించి, సందేశమును మఱునాఁడు సభలోఁ జెప్పుదునని వెడలిపోయెను. నిద్రపట్టని రాజు విదురునిఁ బిలిపించుకొనెను. ఆ రాత్రి విదురుఁడు చెప్పిన నీతి లోకప్రసిద్ధము. అంతయు విని ధృతరాష్ట్రుఁడు రెండు మాటలు చెప్పెను. నీవు చెప్పినట్లే పాండవులయెడ నా బుద్ధి ప్రవర్తించును గాని, దుర్యోధనునిఁ గలిసికొన్నతోడనే మరల తలక్రిందులగుచున్నదనుట మొదటిది. విధిని దాఁటుట యే మర్త్యునకును శక్యము గాదు, పౌరుషము నిరర్థకమనుట రెండవది. ఈ రెండు మాటలును ఒకదానివెంట నొకటిగా వచ్చినవి. మొదటిది అభ్యస్తప్రవర్తనయొక్క యథార్థవర్ణనము: ఫలాని సూచన మెదురుపడఁగా ఫలాని నడవడి పుట్టుచున్నదని తన్నుఁ దాను పరీక్షించి చెప్పిన మాట. పావ్‌లోవ్ శిష్యుఁడు కూడ నంతకంటె స్పష్టముగాఁ జెప్పలేఁడు. ఆ మాటతో నాఁగినచో, దుర్యోధనుని సన్నిధిని విడుతునా, నిర్ణయమును భీష్మవిదురుల కప్పగింతునా యను ప్రశ్న పుట్టియుండెడిది. ఆ ప్రశ్న బాధాకరము. దానికి ముందే విధియను తెర పడినది. తెర పడఁగానే మనస్సు తేలికపడును. ఆ తేలికయే ఫలము. ఆ ఫలముచేతనే దైవవాదము మఱింత బలపడును.

ఇచ్చట నొక గట్టి యాక్షేపణ గలదు. దైవము భారతమున నొక పాత్ర పలికెడి సాకు గాదు. ఇతిహాసమున నంతటను వ్యాపించిన సిద్ధాంతము. వ్యాసుఁడును, తక్కిన మహానుభావులును కాలమును విధిని గుఱించి చెప్పిరి. ధృతరాష్ట్రుఁడు మాత్రము చెప్పినచో హేతుకరణమనుట పక్షపాతము గాదా? ఈ యాక్షేపణను త్రోసివేయరాదు. విశ్వాసము వేఱు, దాని వినియోగము వేఱు. ఒక మాట హేతుకరణమో కాదో నిర్ణయించుటకు మూఁడు ప్రశ్నల నడుగవలెను. ఆ మాట యే బాధను దొలఁగించుచున్నది? ఆ మాట యెప్పుడు వచ్చుచున్నది, యెప్పుడు రాకున్నది? సమయము గడచినపిదప వక్త తన కోరికను దాను ఒప్పుకొనుచున్నాఁడా?

ధర్మరాజుతోఁ బోల్చి చూతము. ఆతఁడును రెండవ జూదమునకుఁ బిలుపు రాఁగా విధాత శాసనమును దలఁచెను. వృద్ధరాజు నాజ్ఞ నాశకరమని యెఱిఁగియు దాఁటఁజాలనని పలికెను. వాక్య మొక్కటియే. కాని అరణ్యమున భీముఁడు నిందింపఁగా, దుర్యోధనుని రాజ్యము నపహరింపఁగోరియే పాచికలు పట్టితినని ధర్మరాజు తన నోటఁ జెప్పెను. దైవమును దలఁచినవాఁడే తన కోరికను గూడ నొప్పుకొనెను. కావున నాతని దైవవాదము కర్తృత్వమును గప్పలేదు. ధృతరాష్ట్రుఁడో, తనవారు గెలుచునప్పుడు గెలుపును గుఱించి యడుగును. వారింపవలసివచ్చినప్పుడు విధిని దలఁచును. ఎప్పుడు వచ్చుచున్నదను రెండవ ప్రశ్నకు వచ్చు సమాధానమే యిచ్చట నిర్ణాయకము.

ఈ నిర్ణయము నేఁటి శాస్త్రము పురాతనకావ్యముపై రుద్దినది గాదనుటకు సంజయుఁడే సాక్షి. యుద్ధారంభమున ధృతరాష్ట్రుఁడు దైవమే గొప్పది, పౌరుషము వ్యర్థము, దోషము లెఱిఁగియుఁ గొడుకును వారింపఁజాలకున్నానని చెప్పఁగా, ఈ దోషమును దుర్యోధనునిపైఁ బెట్టఁదగదనియు, తన దుశ్చరితముచే నశుభము నందినవాఁడు కాలమునుగాని దేవతలనుగాని నిందింపరాదనియు సంజయుఁడు బదులు చెప్పెను. ద్రోణపర్వమున నాతని విలాపమును నీరు పోయినపిదపఁ గట్టిన కట్టతోఁ బోల్చెను. అంధరాజునకుఁ గన్నులైనవాఁడే యాతని కీ విషయమును జూపుట కవియొక్క యభిప్రాయమును దెలుపుచున్నది. హేతుకరణమను పేరు క్రొత్తది. దానిని గుర్తించిన చూపు ప్రాచీనము.

ఇంకొక స్థలమునుగుఱించి కొంత చెప్పవలెను. స్త్రీపర్వమున ధృతరాష్ట్రుఁడు భీముని కౌఁగిలింపఁగోరఁగా, కృష్ణుఁడు భీముని వెనుకకుఁ ద్రోసి యినుపప్రతిమను ముందుంచెను. రాజు దానిని నుగ్గుచేసి నెత్తురు గ్రక్కెను. దీనిని విస్థాపనమున కుదాహరణముగాఁ జూపవలెనను ఆశ యెవరికైనను గలుగును. కాని విస్థాపనమున ఒకనిపైఁ గల కోపమును, భయముచేతనో గౌరవముచేతనో, చిత్తమే వేఱొకనిపైకి మరల్చును. ఇచ్చట ధృతరాష్ట్రుఁడు తాను భీమునే నలుపుచున్నాననుకొనెను. వస్తువును మార్చినవాఁడు కృష్ణుఁడు; ఆతని చిత్తము గాదు. కావున నిది ముసుఁగు లేని కోపమే, విస్థాపనము గాదు. ఆ పర్వముననే గాంధారి చూపు కన్నులగంతల సందునుండి ధర్మరాజు కాలిగోళ్లపైఁ బడఁగా నవి చెడిపోయినవను కథ విస్థాపనమునకుఁ గొంత చేరువది. నిగ్రహింపఁబడిన కోపము అల్పమైన చోటున వెలువడినది. అయినను ధర్మరాజును ఆమె కోపమునకుఁ బాత్రుఁడే గనుక అచ్చటను జాగ్రత్త వలయును.

తుదకు ఆశ్రమవాసపర్వము. యుద్ధానంతరము ధృతరాష్ట్రుఁడు 15 సంవత్సరములు ధర్మరాజు నాదరణమున నుండెను. ధర్మరాజునకు వెఱచి యెవ్వరును ఆతని దుష్కృతములను గాని దుర్యోధనుని దుష్కృతములను గాని యెత్తకుండిరి. భీముఁడు మాత్రము చాటుమాటుగా సూటిపోటు మాటలనుచుండెను. ఆ మాటలచే నొచ్చి రాజు ఆప్తులను బిలిపించి, కురుక్షయ మంతయుఁ దన యపరాధముననే జరిగినదని చెప్పెను. దుర్బుద్ధియగు దుర్యోధనునికిఁ బట్టము గట్టితిననియు, కృష్ణుని మాటయు భీష్మద్రోణవిదురుల మాటయు వినకపోతిననియు, అవి వేయి శల్యములై హృదయమున నాటియున్నవనియు విలపించెను. రహస్యముగా ఆహారనియమమును బాటించుచు నేలపై శయనించుచుండుట గాంధారికి మాత్రమే తెలియునని వెల్లడించెను.

తెర యిప్పుడేల తొలఁగినది? రెండు కారణములు తోఁచుచున్నవి. బుద్ధిని తలక్రిందులు చేయు సూచనము, అనఁగా దుర్యోధనుని సన్నిధి, ఇఁక లేదు. కోరికకుఁ దావు లేదు గనుక దానిని గాపాడు తంత్రమునకుఁ బని లేదు. రెండవది, పదునైదేండ్లు తన్ను నిందింపని యింటఁ గాలము గడచినది. నిందాభయము తగ్గినచోట నెఱుక పైకి వచ్చుట మానసచికిత్సకులకుఁ దెలిసిన విషయమే. భీముని మాటలు గ్రుచ్చినవనుట నిజము. కాని సభాపర్వమున విదురుని మాటలును అట్లే గ్రుచ్చినవి, అప్పుడు తెర పడినదే కాని తొలఁగలేదు. సత్యము చెప్పువాఁ డొకఁడును, ఆశ్రయ మిచ్చువాఁడొకఁడును గూడియుండుటయే యిచ్చటి విశేషము. అయితే ఆ యెఱుక నూఱుగురు కొడుకులును బోయినపిదప వచ్చినది. ఇందలి దైన్యమును ఏ శాస్త్రపదమును జెప్పఁజాలదు, కావ్యమే చెప్పవలెను.

ఈ విచారణమునకు మేఱలు గలవు. కావ్యపాత్ర రోగి గాదు; దానిని బ్రశ్నింప వీలుగాదు. కవి చెప్పని బాల్యమును గల్పించి దానినుండి కారణములను దీయుట విమర్శనము గాదు. అందుచేతనే పాత్ర పలికిన మాటలను, అవి వచ్చిన క్రమమును, ఇతరపాత్రలు వానికిచ్చిన బదుళ్లను మాత్రమే యాధారముగాఁ గొంటిని. మఱియు కారణము చెప్పుట దోషమును మాన్పుట గాదు. ధృతరాష్ట్రుని లొంగుబాటు నేర్చుకొనఁబడినదని చెప్పినంతమాత్రమున నాతని యపరాధము తగ్గదు. తన బుద్ధి యెప్పుడు తలక్రిందులగునో యెఱిఁగినవాఁడు దానికిఁ బ్రతిక్రియ చేయకపోవుటచే నది మఱింత హెచ్చును.

పాఠశాలాపండితులకు నా మనవి యిది. విద్యార్థులకు రక్షకతంత్రముల పట్టికను జెప్పి, వానికిఁ దగిన పాత్రలను వెదకుఁడనుటకంటె, పై మూఁడు ప్రశ్నల నడిగించుట మేలు. అట్లడుగ నేర్చినవాఁడు కావ్యమును శ్రద్ధగాఁ జదువును. పదము ముందు పెట్టుకొని చదువువానికి పదమే కనఁబడును. పాఠము చెప్పని విద్యార్థి యే సాకో చెప్పినప్పుడు మనము కఠినముగా నిందించినచో వానికి సాకు మఱింత యవసరమగును. సాకు వినఁగానే విడిచిపెట్టినచో వాఁడు సాకునే నేర్చుకొనును. వాని దోషమును మఱుఁగుపఱపక చెప్పుచు, చెప్పినపిదపను వానిని మనవాఁడుగానే చూచినచో, వాఁడు నిజము చెప్పుటకు ధైర్యము తెచ్చుకొనును. హస్తినాపురమున దోషమును జెప్పుటకు విదురుఁడుండెను, సంజయుఁడుండెను. కాని ఆతఁడు నిజము నొప్పుకొన్న నాఁటికి రక్షింపవలసినవా రెవ్వరును మిగిలియుండలేదు.